మూడు గ్లాసుల తేట నీళ్లు

ఆగస్టు 4, సోమవారం

ఈ రోజు నా కూతురు మాట్లాడింది. ముందు ఆ ముక్క రాసేశాను. మిగతాది మెల్లగా రాస్తాను.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాక ఇన్నాళ్లూ దానికి మిగిలింది ఒక్కటే మాట. సోడియం. దాహమేస్తే సోడియం. దువ్వెన కావాలంటే సోడియం. మొగుడు ప్రెస్సు నుంచి ఇంటికి రాగానే నవ్వుకుంటూ ఎదురెళ్లి సోడియం. మొదట్లో అల్లుడు గుమ్మం దగ్గరే నిలబడిపోయేవాడు, ఏమనాలో తెలీక. ఇప్పుడు తనూ బూట్లు విప్పుకుంటూ "ఆఁ, వచ్చాను సోడియం" అంటున్నాడు. మెదడులో నరం చిట్లింది, మాటలుండే చోట దెబ్బ తగిలింది అన్నాడు డాక్టరు. చిన్నప్పుడు నోరు మూయదని నేనే చిలక అని పేరు పెట్టాను. ఆ పిల్లకి ఒక్క మాట.

పొద్దున అలమర దులుపుతుంటే అది బడిలో చెప్పే సైన్సు పుస్తకం చేతికొచ్చింది. ఊరికే పాఠం పేరు పైకి చదివాను, ఆమ్లాలు, క్షారాలు అని. వెనకనుంచి "లవణాలు" అంది.

తిరిగి చూస్తే కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. "హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం, నైట్రిక్ ఆమ్లం" అంది. ఎక్కడా తడబడలేదు. పిల్లలందరికీ వినబడాలని గొంతు కాస్త పెంచి చెబుతుంది చూడండి, ఆ గొంతే.

నేను పుస్తకం కింద పడేసి దాని తల పట్టుకుని ఏడ్చాను. అది నవ్వింది. ఇప్పుడు అది అన్నిటికీ నవ్వుతుంది. నవ్వనీ. ఏడుపు నా వాటా.

ఆగస్టు 5

మాట నేర్పే అమ్మాయి వచ్చింది. నేను గుమ్మంలోనే పట్టుకుని చెప్పేశాను. ఆవిడ సంతోషించింది గానీ నాకు కావలసినంత సంతోషించలేదు. "వరసగా అప్పజెప్పడం వేరు తాతగారూ, వస్తువు చూసి పేరు చెప్పడం వేరు. వారాల పేర్లు, అంకెలు కూడా ఇలాగే ముందొస్తాయి. అవి నాలిక మీద ఉంటాయి" అంది. సంచిలోంచి చెంచా తీసి చూపించింది. చిలక నవ్వి "సోడియం" అంది.

చెంచా చెప్పకపోతే ఏం పోయింది? నా కూతురు చెంచాల టీచరా?

ఆగస్టు 9, శనివారం

బడి పెద్దమేడం ఫోన్ చేసింది. మంచి మనిషి, కష్టమైన మాటలు కూడా మెత్తగా చెబుతుంది. చిలక సెలవు ఇక పొడిగించడం కుదరదట. సెప్టెంబరు రెండో తారీకున బడికి తీసుకురమ్మంది. ఆమ్లాలూ క్షారాల పాఠమే పెడతారట, పిల్లలు కొద్దిమందే ఉంటారట. మూడు ద్రావణాలు ముందు పెడతాం, కాగితం ముంచి చూసి ఏది ఆమ్లం, ఏది క్షారం, ఏది లవణం చెబితే చాలు, మిగతాది మెల్లగా చూసుకుందాం అంది. చెబితే తన క్లాసు తనకే ఉంటుంది. లేకపోతే ఇప్పుడు దాని బదులు పాఠాలు చెబుతున్న టీచరుకి ఆ చోటు ఇచ్చేస్తారు.

"మూడేనా మేడం, ముప్ఫై పెట్టండి" అన్నాను.

అల్లుడు ఆ మాట విని వంటింట్లోంచి బయటికొచ్చాడు, చేతిలో గరిటె. "మావయ్యా, మీకో దణ్ణం. ఆశ పెట్టకండి దానికి. రేపు కిందపడితే లేపాల్సింది మనిద్దరమే."

"పడదు."

"మీకెవరు చెప్పారు?"

"అదే చెప్పింది. నైట్రిక్ ఆమ్లం అని చెప్పింది."

అల్లుడు గరిటె వైపు చూసుకుని లోపలికెళ్లిపోయాడు. మంచి పిల్లాడే. అలిసిపోయాడు, అంతే.

ఆగస్టు 10

బడిలో ఏం చేస్తారో అదే ఇంట్లో చేయిస్తే సరిపోతుందిగా. నేను చదివింది తక్కువే, అయినా ఈ పాఠం ఏడో తరగతి పిల్లలకి అర్థమైతే నాకెందుకు కాదు? రెండుసార్లు చదివాను. నీలం లిట్మస్ కాగితం ఎర్రబడితే ఆమ్లం. ఎర్రది నీలమైతే క్షారం. రెండూ మారకపోతే లవణం అనుకోవచ్చు. లిట్మస్ కాగితాలు చిలక బ్యాగులోనే ఉన్నాయి, చిన్న చిన్న కట్టలు.

గాజు గ్లాసులు మూడు. ఒకదాంట్లో నిమ్మ ఉప్పు కలిపాను. పేరుకి ఉప్పే గానీ అది ఆమ్లమట, సిట్రిక్ ఆమ్లం. పేర్లు పెట్టినవాళ్లకి దణ్ణం. రెండోదాంట్లో సున్నం కలిపి, అడుగున పేరుకున్నాక పైన తేట వంచాను. మూడోది ఉప్పునీళ్లు. మూడూ పక్కపక్కన పెడితే ఎవడు పోల్చుకోగలడు? మూడూ మంచినీళ్లలాగే ఉన్నాయి.

అందుకని చోట్లు పెట్టుకున్నాను. జీవితమంతా కుట్టుమిషను ముందు కూర్చున్నవాణ్ణి, కత్తెర కుడిపక్క, సుద్ద ఎడమపక్క, టేపు మెడలో. కళ్లు గుడ్డ మీద ఉంటే చెయ్యి దానంతటది వెళ్లి అందుకోవాలి. గ్లాసులకీ అంతే. ఎడమ చివర ఆమ్లం, నడుమ క్షారం, కుడి చివర ఉప్పు. రోజూ అక్కడే. నేను తికమకపడితే పిల్లకేం నేర్పుతాను?

మొదటిరోజు మూడూ తప్పు చెప్పింది. నేనే చెప్పి, మళ్లీ చెప్పించాను. చెప్పింది. నవ్వింది.

ఆగస్టు 13

ఒకటి.

ఆగస్టు 14

రెండు.

ఆగస్టు 16, శనివారం

మూడూ. మూడూ సరిగ్గా. వీధిలోకెళ్లి ఇస్త్రీ బండి అతనికి చెప్పాను, మందుల షాపులో చెప్పాను, మెట్ల మీద ఎదురైన పై వాటా ఆవిడకి చెప్పాను. ఆవిడ "ఏం మూడు బాబాయిగారూ?" అంది. మూడు గ్లాసులమ్మా అన్నాను. ఆవిడ ఏమనుకుందో ఏమో, పక్కకి తప్పుకుని దారిచ్చింది.

ఆగస్టు 19

రోజూ మూడూ సరిగ్గానే చెబుతోంది. ఇంకో విశేషం చూశాను. కాగితం ముంచుతుంది గానీ దాని రంగు మారేదాకా ఆగదు. ముంచుతూ ముంచుతూనే "ఆమ్లం" అనేస్తుంది. కాగితం వైపు చూడను కూడా చూడదు. అంత సాధన. గుడ్డ ముట్టుకోగానే ఏ రకమో చెప్పేవాణ్ణి నేను, చూడకుండానే. రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుంది.

ఇప్పుడు పేర్లు పెట్టడం చెబుతున్నాను, అంటే పుస్తకం చూసి నేను చదువుతాను, అది పూర్తి చేస్తుంది. ఆమ్లమూ క్షారమూ కలిస్తే లవణం పుడుతుంది. బిడ్డకి ముందు పేరు క్షారం ఇస్తుంది, వెనక పేరు ఆమ్లం ఇస్తుంది. హైడ్రోక్లోరిక్ అయితే క్లోరైడు, సల్ఫ్యూరిక్ అయితే సల్ఫేటు, నైట్రిక్ అయితే నైట్రేటు. సోడియం హైడ్రాక్సైడూ హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ అన్నానో లేదో, "సోడియం క్లోరైడు" అంది.

అల్లుడు అన్నం తింటూ వింటున్నాడు. "అయితే మావయ్యా, మీ అమ్మాయికి నోరు మీనుంచి వచ్చింది, మొండితనమూ మీనుంచే వచ్చింది. అత్తయ్యగారేమిచ్చారు?"

"ఓర్పు. నిన్ను భరిస్తోందిగా."

ముగ్గురం నవ్వాం. ఆసుపత్రి తర్వాత ఈ ఇంట్లో ముగ్గురం ఒకేసారి నవ్వడం ఇదే. చిలక ఎందుకు నవ్విందో నేను అడగలేదు.

ఆగస్టు 22

మాట నేర్పే అమ్మాయికి చేసి చూపించాం. చప్పట్లు కొట్టింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "గ్లాసులు రోజూ చోట్లు మార్చి పెడుతున్నారు కదా తాతగారూ?" అంది.

ఆఁ అన్నాను.

ఆవిడకి వేరే ఇంటికి టైమవుతోంది, పాపం, నిలబెట్టి మాట్లాడించడం ఎందుకని.

ఆగస్టు 24, ఆదివారం

ఈ రోజు కొంచెం తడబడింది. అల్లుడి వల్లే. సెలవు కదా, కాఫీ గ్లాసు తెచ్చి మా బల్ల మీదే పెట్టుకుని, పేపరు పరుచుకోవడానికి మా గ్లాసులు అటూ ఇటూ జరిపాడు. ఏది ఎక్కడ పెట్టాడో నాకే తెలీలేదు. చిలక మూడుకి మూడు తప్పు. పక్కన పేపరు చప్పుడు చేస్తూ కూర్చుంటే ఎవరికి మనసు నిలుస్తుంది?

ఆ మాటే అన్నాను. అల్లుడు పేపరు మడిచాడు. "మావయ్యా, కాగితం ఎర్రగా అయ్యింది. చేతిలో ఎర్ర కాగితం పట్టుకుని లవణం అంది. చూశారా మీరు?"

"నీ పేపరు చప్పుడు."

"సరే. నా పేపరు చప్పుడే."

తర్వాత నేను గ్లాసులు కడిగి, కొత్తగా కలిపి, వాటి చోట్లలో పెట్టాను. చిలక మూడూ టకటకా చెప్పేసింది. చూశారా మరి. అల్లుడు అప్పటికే మేడ మీదికి వెళ్లిపోయాడు, లేకపోతే పిలిచి చూపించేవాణ్ణి.

ఆగస్టు 28

బడికి కట్టుకెళ్లే చీరకి కొత్త జాకెట్టు కుట్టాను. కళ్లు సరిగ్గా ఆనవు, సూదిలో దారం అల్లుడే ఎక్కించాడు. చిలక సన్నబడింది, పాత కొలతలు పనికిరాలేదు. చేతులకి ఎంత లోపలికి తీసుకున్నానో రాయను.

అద్దం ముందు నిలబడితే బడికి వెళ్లే నా కూతురే. చాక్‌పీసు ఒకటే తక్కువ.

సెప్టెంబరు 1

రేపే. అన్నం సహించలేదు, సంతోషంతోనే. దాని పెళ్లినాడు కూడా నాకింత కంగారు లేదు.

ఒక పక్క చిన్న గుబులు ఉంది. ఎందుకో తెలీదు. తెలీదని రాస్తున్నాను కదా, తెలీదు.

సెప్టెంబరు 2, మంగళవారం

వెళ్లొచ్చాం.

పిల్లలు ఎంత సంతోషపడ్డారో. చిలకని చూడగానే అందరూ లేచి, నమస్తే టీచర్ అని గోలగోల. ఒక పిల్ల పరుగున వచ్చి నడుం పట్టేసుకుంది. పెద్దమేడం కళ్లలో నీళ్లు. బదులు చెబుతున్న టీచరు, చిన్నమ్మాయి, తన కుర్చీ తెచ్చి వేసింది. అందరూ మంచివాళ్లు.

ల్యాబులో పొడుగు బల్ల. గాజు గొట్టాలు మూడు చెక్క స్టాండులో. అవీ తేట నీళ్లలాగే ఉన్నాయి. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అల్లుడు నా వెనక. వద్దన్నా సెలవు పెట్టి వచ్చాడు.

చిలక కాగితం ముంచింది, ఎడమ చివర. "ఆమ్లం" అంది. ఎంత చక్కగా అందో. నడుమది, "క్షారం". కుడి చివరది, "లవణం". చెప్పి పిల్లల వైపు తిరిగి నవ్వింది.

ముందు వరసలో కళ్లద్దాల పిల్ల మెల్లగా, "టీచర్, మొదటిది ఎర్రకాగితం నీలమైంది కదా" అంది. పక్కపిల్ల దాని మోచేయి గిల్లింది. చిలక ఆ పిల్ల వైపు కూడా అలాగే నవ్వింది.

పెద్దమేడం ఇంకోసారి చేద్దామా అంది. చిన్న టీచరు గొట్టాలు తీసి, మార్చి పెట్టింది. చిలక మళ్లీ ఎడమ నుంచి మొదలుపెట్టింది. ఆమ్లం, క్షారం, లవణం. ఎక్కడా తడబడలేదు.

బయటికొచ్చాక పెద్దమేడం నా చెయ్యి పట్టుకుంది. "చాలా కష్టపడి నేర్పించారు పెద్దాయనా" అంది.

అల్లుడు ఆటో పిలిచాడు. ఆటోలో చిలకని మా మధ్య కూర్చోబెట్టుకున్నాం. అది దారంతా బోర్డులు చూస్తూ వచ్చింది.

సెప్టెంబరు 3

వాళ్లే తప్పుగా పెట్టారు. ఆమ్లం ఎడమవైపు పెట్టాలి.

సెప్టెంబరు 4

నిన్న రాసింది ఇప్పుడు చదివాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు గ్లాసులు మార్చి పెట్టాను. సున్నపు తేట ఎడమ చివర. చిలకని కూర్చోబెట్టాను. కాగితం ముంచింది. "ఆమ్లం."

చిలకా, కాగితం చూడమ్మా అన్నాను. చూసింది. ఎర్రది నీలంగా మారింది. దాన్ని చూసి, నన్ను చూసి, నా మొహంలో ఏం వెతికిందో, గబగబా "ఆమ్లం" అంది మళ్లీ. నాకు ఏది ఇష్టమో అది ఇద్దామని. నెలరోజుల్నుంచి అదే ఇస్తోంది.

ఎవరు నేర్పారు దానికి ఆ వరస.

సెప్టెంబరు 5

ఏమీ రాయాలని లేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

పెద్దమేడం తనే ఇంటికొచ్చింది, ఆ చిన్న టీచరుని వెంటబెట్టుకుని. కమిటీలో మాట్లాడారట. చెప్పక్కర్లేకుండానే అర్థమైంది, చిన్న టీచరు చేతిలో ఉన్న సంచి చూసి. చిలక ల్యాబు కోటు, డస్టరు, పిల్లలు ఎప్పుడో ఇచ్చిన పెన్నుల డబ్బా. డ్రాయరులో ఉన్నవన్నీ జాగ్రత్తగా సర్ది తెచ్చింది ఆ పిల్ల. కోటు ఉతికించి ఇస్త్రీ కూడా చేయించింది. అది చెయ్యకపోయినా బాగుండేది.

పెద్దమేడం చిలక పక్కన కూర్చుని, "నువ్వు ఎప్పుడైనా బడికి రావచ్చమ్మా, అది నీ బడే" అంది. చిలక నవ్వుతూ వింది. నవ్వుతూనే సంచిలో చెయ్యి పెట్టి కోటు బయటికి తీసింది. మడత విప్పింది. జేబులో చెయ్యి పెట్టి చూసింది. ఏమీ లేదు, ఉతికారు కదా. రెండో జేబూ చూసింది. అప్పుడు చిన్న టీచరు వైపు చూసింది, చాలాసేపు. ఆ అమ్మాయి తల దించుకుంది.

చిలక ఏడ్చింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక్కసారీ ఏడవలేదు. చెంచా చెప్పలేక ఏడవలేదు, మొగుణ్ణి పేరు పెట్టి పిలవలేక ఏడవలేదు. ఈ రోజు కోటు ఒళ్లో పెట్టుకుని, చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా ఏడ్చింది. అల్లుడు వచ్చి కింద కూర్చుని దాని మోకాళ్లు పట్టుకున్నాడు. సోడియం, సోడియం అంటున్నాడు, ఇంకేమనాలో తెలీక.

అర్థమయ్యే ఏడ్చింది. ఏం పోయిందో తెలిసే ఏడ్చింది. అంటే లోపల మనిషి ఉంది. నా కూతురు లోపల ఉంది. ఇన్నాళ్లూ నాకు లోపల్లోపల భయం ఏదంటే అదే, ఆ నవ్వు వెనక ఎవరూ లేరేమోనని. సంతోషంతో నా గుండె కొట్టుకుంటోంది అని రాస్తే ఎవరైనా నన్ను మనిషి అనుకుంటారా? సంతోషమే. ఇంకేం పేరు పెట్టను దీనికి.

వాళ్లు వెళ్లాక అల్లుడు వీధి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. "మీరు కాక ఎవరు కూర్చోబెట్టినా అది కూర్చునేది కాదు మావయ్యా, నెలరోజులు" అన్నాడు.

"తప్పు నేర్పాను."

"నేర్పారు" అన్నాడు. లేచి నిలబడి, "కాఫీ పెడతాను, లేవండి" అన్నాడు.

సెప్టెంబరు 8

ఇప్పుడు నవ్వడం లేదు. పిలిస్తే చూస్తుంది. పెట్టింది తింటుంది. కిటికీ దగ్గర కుర్చీలో కోటు ఒళ్లో వేసుకుని కూర్చుంది. నిన్న అంత సంతోషమని రాశాను. ఈ రోజు ఆ పాత నవ్వు ఒక్కసారి నవ్వితే బాగుండుననిపించింది. నాకు ఏదిచ్చినా సరిపోదు.

సెప్టెంబరు 9, మంగళవారం

పొద్దున బల్ల ఖాళీ చేద్దామని గ్లాసులు తీయబోతే చిలక వచ్చి ఎదురుగా కూర్చుంది. రోజూ కూర్చునే టైమే. పరీక్ష అయిపోయిందమ్మా, ఇక అక్కర్లేదు అన్నాను. లేవలేదు.

సరే, అయితే ఈసారి నువ్వే మార్చు అని వెనక్కి తిరిగి నిలబడ్డాను. గాజు చప్పుళ్లు వినబడ్డాయి, చాలాసేపు. తిరిగి చూస్తే మూడు గ్లాసులూ మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి బల్ల అంచున, ఒకటి నడుమ, ఇంకోటి దానికి ఆనుకుని. ఇప్పుడు నాకూ తెలీదు. బ్యాగులో చూస్తే లిట్మస్ కాగితాలు అయిపోయాయి.

మా ఇద్దరికీ తెలియని మూడు గ్లాసులు. దానికి అబద్ధం చెప్పడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు. కూర్చున్నాం.

పారబోద్దామనే అనుకున్నాను. సున్నపునీళ్లు మాత్రం మొక్కల్లో పొయ్యకూడదు కదా, అదేదో తెలిస్తే చాలు. నాలిక మీద చుక్క వేసుకుంటే తెలిసిపోతుంది. నడిమి గ్లాసు ఎత్తి పెదాల దాకా తెచ్చాను.

వేళ్ల మీద ఫట్‌మని దెబ్బ పడింది. గ్లాసు తొణికి చొక్కా తడిసింది.

"నోట్లో పెట్టకూడదు" అంది.

చిలక లేచి నిలబడింది. చూపుడువేలు పైకెత్తి ఉంది. కళ్లు పెద్దవి చేసి చూస్తోంది నన్ను, నేనేదో వెనక బెంచీ వెధవనైనట్టు. "ఏదీ నోట్లో పెట్టకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి" అంది.

ఎడమ నుంచి కుడికి చెప్పింది కాదు. నేను నేర్పింది కాదు. పుస్తకంలో ఉండొచ్చు, అయినా నేనెప్పుడూ చదివి వినిపించలేదు. దాని మాటే, దాని గొంతే, నా మీద కోపంతో వచ్చింది.

తప్పైపోయింది టీచర్ అన్నాను. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇంకా ఏమైనా అంటుందని చూశాను. వేలు మెల్లగా దిగింది. గ్లాసుల వైపు చూసింది. పెదాలు కదిలాయి, పేరేదో వెతుక్కుంటున్నట్టు. దొరకలేదు. దొరకలేదని దానికి తెలిసింది, మొహంలో తెలిసింది. కోటు కుర్చీ వీపుకి తగిలించి, ఒక్కో గ్లాసూ రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్లి, వంటింటి తొట్టిలో పారబోసింది. కుళాయి విప్పి, తొట్టి కడిగేదాకా నీళ్లు వదిలింది. గ్లాసులు కడిగి బోర్లించింది.

వెళ్లి కూర్చో అంటుందేమోనని నేను ఇంకా అలాగే నిలబడి ఉన్నాను. అనలేదు.